కాలు ఇంట్లో, కళ్ళు ఆఫీసులో

“ఇంతకీ మీరు ఆఫీసులో ఉన్నట్టా, ఇంట్లో ఉన్నట్టా?”

అడిగినవాడు నీటి సరఫరా ఆఫీసులో హాజరు వేసే గుమస్తా. అడిగింది మా పిన్నిని, ఫోన్లో. ఆ సమయానికి పిన్ని కుడికాలు పిండికట్టుతో సహా ఇంట్లో రెండు దిండ్ల మీద పడుకుని ఉంది. ఆమె చేత్తో గీస్తున్న గీత మాత్రం సందు అవతల, ఆఫీసు నేలమాళిగలో ఉన్న పెద్ద మిషన్లో పడుతోంది.

“రెండుచోట్లా ఉన్నాను. మీరు ఒక్కచోటైనా ఉన్నారా?” అంది పిన్ని. గుమస్తా కుర్చీలో కన్నా టీ బడ్డీ దగ్గర ఎక్కువగా దొరికే మనిషి.

ప్రశ్న మొరటుదే గాని మంచి ప్రశ్న. మనిషి ఎక్కడుంటాడు, శరీరం ఉన్నచోటా, మనసు ఉన్నచోటా అని తత్వం చెప్పేవాళ్ళు గడ్డాలు పెంచుకుని మరీ ఆలోచించారు. గుమస్తాకి అంత తీరిక లేదు. నెలాఖరు దగ్గరపడింది, హాజరు వేయాలో సెలవు వేయాలో తేలాలి.

మా పిన్ని పని, ఊళ్ళో ఏ వీధి కింద ఏ పైపు పోతుందో గీయడం. పాతికేళ్ళుగా అదే పని కాబట్టి ఆమెకి ఊరు తలకిందులుగా కనిపిస్తుంది. మనం బేకరీ ముందు నిలబడ్డాం అనుకుంటాం, ఆమె “ఆరంగుళాల మెయిన్ మీద నిలబడ్డాం, కాస్త పక్కకి జరుగు” అంటుంది. మనుషుల్ని కూడా పైపుల లెక్కనే గుర్తుపెట్టుకుంటుంది. “ఎవరు, ఆ కళ్ళజోడు ప్లీడరా? పాపం, అరంగుళం మనిషి. పై అంతస్తుకి ఎక్కదు.” ఆ ప్లీడరు తెలివితేటల గురించి అంటోందో, కొళాయి గురించి అంటోందో వినేవాళ్ళకి తెలియదు. అడిగితే, “రెండూ ఒకటే” అంటుంది.

కష్టమొస్తే మనిషిలో గొప్పతనం బయటపడుతుందని చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ మాట నేను నమ్మను. కష్టమొచ్చినప్పుడు మా పిన్నిలోంచి బయటపడింది నోరు ఒక్కటే. అదీ కొత్తగా బయటపడిందేమీ కాదు.

ఆ కష్టం వచ్చింది ఆఫీసు మెట్ల మీద. మూడో మలుపు దగ్గర గోడలోంచి పైపు కారుతుండేది. ఊరంతటి పైపులూ గీసిన ఆ ఆఫీసులో, ఆ ఆఫీసు సొంత పైపులు ఎవరూ గీయలేదు. కారేది ఎక్కణ్ణుంచో తెలియక, కింద ఒక బకెట్ పెట్టి ఊరుకున్నారు. ఆ రోజు బకెట్ నిండిపోయింది. పిన్ని జారింది. కాలు విరిగింది. కిందపడ్డ మనిషి మొదట అన్న మాట “అమ్మో” కాదు. “ఇది ముప్పావు అంగుళం పైపు, పైనుంచి వస్తోంది, ఎవరైనా రాసుకోండి!” అని అరిచింది. ఎవరూ రాసుకోలేదు.

డాక్టరు ఆరు వారాలు కదలొద్దన్నాడు. మామూలుగా అయితే పిన్ని ఆరు వారాలూ ఇంటిల్లిపాదినీ కదిలిస్తూ హాయిగా గడిపేసేది. కానీ అదే ఏడాది హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ రిటైరవుతున్నాడు. ఆయన కుర్చీకి చేతులుంటాయి, పక్కన కిటికీ ఉంటుంది. తతిమ్మా వాళ్ళు కూర్చునేవి చేతుల్లేని ఎత్తు స్టూళ్ళు. పాతికేళ్ళు స్టూలు మీద కూర్చున్న నడుముకి ఆ కుర్చీ చేతుల విలువ ఏమిటో విడిగా చెప్పక్కర్లేదు. ఆ కుర్చీకి పోటీ ఇద్దరే. ఒకరు పిన్ని. రెండోవాడు ఈలాయన. గీస్తున్నంతసేపూ ఈల వేస్తాడు, గీత వంకరపోయిన చోట రాగం మారుతుంది. రాగం మారినప్పుడల్లా పిన్ని తల కూడా ఎత్తకుండా “రబ్బరు అక్కడే ఉంది” అనేది.

ఆఫీసులో ఒక రూలుంది. ఆ ఏడాదిలో ఏకబిగిన ముప్పై రోజులు దాటి సెలవులో ఉన్నవాళ్ళ పేరు హెడ్ ఎంపికలోకి రాదు. పిన్ని ఆరు వారాలు పడుకుంటే కుర్చీ ఈలాయనది. అంతే.

“నన్ను మోసుకెళ్ళండి” అంది పిన్ని.

ఆఫీసు సందుకి అవతలే. కానీ ఇంటికి ఒక అంతస్తు మెట్లు, ఆఫీసుకి మూడంతస్తులు. పిన్ని పల్చటి మనిషి కాదు. బాబాయీ, పక్కింటి వడ్రంగీ కలిసి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తారు. ఇంటి మెట్ల మలుపు దగ్గర కుర్చీ ఇరుక్కుంది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు. పైవాటా వాళ్ళు కిందికి దిగాలి, కిందివాటా వాళ్ళు పైకెక్కాలి, మధ్యలో పిన్ని తలుపు గడియలా అడ్డంగా.

“కుర్చీ కోయమంటారా?” అన్నాడు వడ్రంగి.

“కుర్చీ కోసమే ఇంత గొడవ. దాన్నే కోస్తావా?” అంది పిన్ని.

ఎలాగో వెనక్కి లాగి ఇంట్లో పడేశారు. బాబాయి నడుం పట్టుకుని కూర్చున్నాడు. ఆయన సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపే మనిషి. సాయంత్రం డ్యూటీ, పగలంతా ఇంట్లోనే. ఆ రోజు మాత్రం నడుం పేరు చెప్పి డ్యూటీ మానేశాడు. ఆయన తల్లి, అంటే పిన్ని అత్తగారు, ఇదంతా గుమ్మంలోంచి చూసి, “నేను ముందే చెప్పాగా” అంది. ఆవిడ ముందు ఏమీ చెప్పలేదు. ఏది జరిగినా ఆ మాట అనడం ఆవిడ అలవాటు.

ఆ సాయంత్రం బిస్కెట్ల పొట్లంతో మావటి వచ్చాడు. ఆఫీసు నేలమాళిగలో, చలిగదిలో, యూనిక్స్ అనే పద్ధతిలో నడిచే ఒక పెద్ద కంప్యూటర్ మిషన్ ఉంది. దాని పేరు ఏనుగు. ఆఫీసులో మిషన్లన్నిటికీ జంతువుల పేర్లూ పక్షుల పేర్లూ పెట్టారు. ఏనుగుని చూసుకునే కుర్రవాణ్ణి అందరూ మావటి అనేవారు. పైపుల నక్షాలు గీసే ప్రోగ్రాం ఏనుగులోనే ఉంటుంది.

“అక్కా, ఏనుగు దగ్గరికి మీరు రానక్కర్లేదు” అన్నాడు మావటి. “ఆఫీసులో మాత్రం ఎవరొస్తున్నారు? అందరూ పై అంతస్తుల్లో తెరల ముందే కూర్చుంటారు. పని కింద జరుగుతుంది, బొమ్మ పైన పడుతుంది. ఆ తెర మూడో అంతస్తులో ఉంటే ఏం, మీ ముందుగదిలో ఉంటే ఏం?”

“అంటే?” అంది పిన్ని.

జవాబు చెప్పింది బాబాయి. నడుం నొప్పి మర్చిపోయి లేచాడు. “ఏమోయ్, ఇందులో అర్థం కానిదేముంది? రీలు పైన నా క్యాబిన్‌లో తిరుగుతుంది. బొమ్మ కింద హాల్లో పడుతుంది. హాల్లో వాళ్ళు రీలు పక్కన కూర్చుంటున్నారా ఏమన్నా?”

“అచ్చం అంతే బాబాయ్‌గారూ” అన్నాడు మావటి. “ఒక్కటే తేడా. ఇక్కడ హాల్లో కూర్చున్నవాళ్ళు కూడా కథ మార్చొచ్చు.”

“ఆ సౌకర్యం మా హాల్లో ఉంటే జనం నన్ను ఇన్ని తిట్లు తిట్టేవాళ్ళు కాదు” అన్నాడు బాబాయి.

తెర ఎక్కణ్ణుంచి తేవాలి? ఆఫీసు స్టోరు గదిలో ఒక పాత మిషన్ మూల పడి ఉంది. అది ఒకప్పుడు పెద్దసారు బల్ల మీదిది. పెద్దసారంటే ఆఫీసు మొత్తానికి అధికారి. ఆయనకి కొత్తది వచ్చాక దీన్ని స్టోర్లో పారేశారు. స్టోరు గుమస్తాకి చీపుళ్ళు పెట్టుకోవడానికి చోటు కావాలి. అడగడం ఆలస్యం, తలుపు బార్లా తీసి, “రిపేరుకి పోయిందని చెప్తాను, మళ్ళీ తేకండి” అన్నాడు.

మావటీ బాబాయీ మోసుకొచ్చారు. మిషన్ పర్వాలేదు గాని, దాని తెర దూడంత బరువుంది. ఇంట్లో దాన్ని మోయగల బల్ల ఒక్కటే, అత్తగారి కుట్టుమిషన్ బల్ల. ఆవిడ కుట్టుమిషన్ కిందికి దిగి మంచం కిందికి పోయింది. బల్ల కింద తొక్కుడు చట్రం అలాగే ఉంది. అత్తగారు దాని వైపు చూపించి, “దీన్ని కూడా తొక్కాలా?” అంది.

“అక్కర్లేదు పెద్దమ్మా, కరెంటుతో నడుస్తుంది” అన్నాడు మావటి.

“కరెంటు పోతే?”

“అప్పుడు తొక్కినా నడవదు” అన్నాడు మావటి.

ఆఫీసు మొదటి అంతస్తు కిటికీలోంచి మా పిన్ని ముందుగది కిటికీకి సందు మీదుగా ఒక కేబుల్ లాగారు. ఎవర్నీ అనుమతి అడగలేదు. అడిగితే ఆరు వారాలు దానికే పట్టేది. మర్నాటికల్లా పైవాటా ఆవిడ దాని మీద మేజోళ్ళు ఆరేసింది.

ఆ రాత్రి పొద్దుపోకముందే మావటి కూర్చుని పని ముగించాడు. పాత మిషన్ సొంతంగా ఏ పనీ చేయదు. ఏనుగు పంపిన బొమ్మ చూపించడం, పిన్ని కొట్టిన అక్షరమూ కదిపిన మౌసూ ఏనుక్కి చేరవేయడం, అంతే దాని బతుకు. ఏనుగుతో మాట్లాడటానికి తెర మూలన ఒక చిన్న అక్షరాల విండో పెట్టాడు. “పొద్దున్నే ఇందులో ఏనుగుని పలకరించండి. తర్వాత, ఫలానా తెర మీద నక్షా వెయ్యి అని చెప్పండి. తెర పేరు దీనికి అంటించి ఉంది చూడండి” అని పెట్టె నెత్తిన ఉన్న పాత చీటీ చూపించాడు. చీటీ మీద ‘నెమలి’ అని ఉంది.

“ముందు పరీక్షకి, ‘కళ్ళు’ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంది, అది వెయ్యండి. రెండు కళ్ళు వస్తాయి. మౌసు బాణం ఎటు పోతే అటు తిరుగుతాయి. పనికొచ్చేదేం కాదు, సరదాకి. కళ్ళు వచ్చాయంటే అన్నీ వస్తాయి.”

లేచి వెళ్తూ గుమ్మంలో ఆగి, అన్నిటికన్నా ముఖ్యమైన మాట చెప్పాడు. “యూనిక్స్‌కి ఒక గుణముందక్కా. పని సరిగ్గా అయితే నోరు విప్పదు. తప్పయితేనే అరుస్తుంది. ఏమీ అనకపోతే పని జరిగిపోయినట్టే.”

“మా ఇంట్లో ఇలాంటివాళ్ళు ఒక్కరూ లేరు” అన్నాడు బాబాయి, తల్లి వైపూ భార్య వైపూ చూడకుండా.

మర్నాడు మావటి ఏదో పని మీద ఊరవతలి పంపుహౌసుకి పోయాడు. సాయంత్రం గాని రాడు. పిన్ని పొద్దున్నే తల దువ్వుకుని, ఆఫీసుకి వేసుకునే బట్టలే వేసుకుని, కాలు దిండ్ల మీద పెట్టుకుని కూర్చుంది. మిషన్ ఆన్ చేసింది. తెర నిండా సన్నటి బూడిదరంగు గళ్ళు వచ్చాయి.

“ఇదేనా? దోమతెర లాగుంది” అంది అత్తగారు.

“ఇంకా మొదలవలేదు అత్తయ్యా.”

పిన్ని ఏనుగుని పలకరించింది. ఏనుగు పలికింది. నెమలి మీద కళ్ళు వెయ్యమంది. ఏనుగు ఏమీ అనలేదు. గళ్ళు గళ్ళుగానే ఉన్నాయి.

“ఏమంటోంది?” అన్నాడు బాబాయి.

“ఏమీ అనలేదు. అంటే పని అయిపోయిందట.”

“ఏదీ, కళ్ళేవీ?”

పిన్ని మళ్ళీ కొట్టింది. ఏనుగు మళ్ళీ ఏమీ అనలేదు.

“ఇంకోసారి కొట్టు, చెవుడేమో” అంది అత్తగారు.

ఇంకోసారి కొట్టింది. ఆ తర్వాత కోపంగా కొట్టింది. ఆ తర్వాత అక్షరం అక్షరం ఒత్తి కొట్టింది, గట్టిగా కొడితే మిషన్‌కి బాగా వినిపిస్తుందన్నట్టు. కళ్ళు లాభం లేదని నేరుగా నక్షానే వెయ్యమంది. ఉత్తరం పేట నక్షా, ఆ తర్వాత దక్షిణం పేట నక్షా. ఏనుగు మౌనం. అరిచినా బాగుండేది, తప్పెక్కడో తెలిసేది. ఇంత మర్యాదస్తురాలు తనకి తగలడం ఏమిటని పిన్నికి ఒళ్ళు మండిపోయింది. ఏదైనా నాలుగు ముక్కలు రాస్తే పెట్టెలో వేసి తెర మీద చూపించే ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని తెరిచి, ‘ఎక్కడున్నావ్?’ అని రాసి పంపింది.

దానికీ జవాబు లేదు. ఇంట్లో లేదు.

ఇప్పుడు ఆఫీసు రెండో అంతస్తుకి పోవాలి. పెద్దసారి గది. ఆయన పద్ధతి ఊరందరికీ తెలుసు. పొద్దున వస్తాడు, పేపరు చదువుతాడు, కింది సొరుగు లాగి దాని మీద కాళ్ళు పెట్టుకుంటాడు, టీ తాగుతాడు, కళ్ళు మూసుకుని ఊరి దాహం గురించి ఆలోచిస్తాడు. ఆలోచన బాగా సాగితే గురక వినిపిస్తుంది. ఫైళ్ళు కుడివైపు పేరుకుంటాయి. కొత్త మిషన్ ఎడమవైపు వెలుగుతూ ఉంటుంది, ఆయన దాన్ని ముట్టుకున్నది లేదు.

ఆ రోజు పేపరు మడిచి టీ కోసం చెయ్యి చాపేసరికి తెర మీద రెండు పెద్ద కళ్ళు కనిపించాయి. నిండుగా, రెప్పల్లేకుండా.

ఆయన చెయ్యి మౌసుకి తగిలింది. కళ్ళు తిరిగాయి.

సొరుగు మీంచి కాళ్ళు వాటంతటవే దిగాయి. ఇంకో జత కళ్ళు వచ్చాయి. ఇంకో జత. పెద్దసారు చొక్కా సర్దుకున్నాడు. పై ఆఫీసువాళ్ళు కింది ఆఫీసుల పనితీరు గమనించడానికి కొత్త ఏర్పాట్లు చేస్తున్నారని ఈమధ్యే ఏదో సర్క్యులర్ వచ్చింది. ఆయన దాన్ని చదవలేదు. చదివి ఉండాల్సిందని ఇప్పుడు అనిపించింది. ఇంతలో ఉత్తరం పేట నక్షా పరుచుకుంది, దాని మీద దక్షిణం పేట. అన్నిటి మధ్యలో ఒక పెట్టె.

‘ఎక్కడున్నావ్?’

పెద్దసారు లేచి నిలబడ్డాడు. “ఇక్కడే ఉన్నానండీ” అన్నాడు, గట్టిగా.

అదే సమయానికి టీ తెచ్చిన బంట్రోతు ఈ మాట విన్నాడు. గదిలో ఇంకెవరూ లేరు. “టీ వద్దు. ఇది టీ టైమ్ కాదు” అన్నాడు పెద్దసారు, తెర వైపు తిరిగి. బంట్రోతు గ్లాసు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుచుకుంటూ బయటపడ్డాడు. అర్ధగంటలో ఆఫీసంతా పాకింది. పెద్దసారు పని చేస్తున్నారట! ఏ అంతస్తులోనూ ఎవరూ నమ్మలేదు, కాని ఒక్కొక్కరే వచ్చి తలుపు సందులోంచి చూసి పోయారు. నిజమే. ఫైలు తీస్తున్నాడు, చదువుతున్నాడు, సంతకం పెడుతున్నాడు, తెరకి చూపించి మరీ పక్కన పెడుతున్నాడు. హాజరు గుమస్తాని పిలిచి, “పై ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చారా?” అని గొంతు తగ్గించి అడిగాడు. గుమస్తా తెర చూశాడు. నోట్లో సగం బిస్కెట్ ఉంది. నమలాలో మింగాలో తెలియక ఆ గదిలో ఉన్నంతసేపూ బుగ్గలోనే పెట్టుకున్నాడు.

ఆ రోజు పెద్దసారు సంతకం పెట్టిన ఫైళ్ళలో ఒకటి, మెట్ల మలుపు దగ్గర కారే పైపు బాగు చేయించమని మా పిన్ని ఏడాది కింద పెట్టుకున్న అర్జీ.

సాయంత్రం మావటిని వచ్చినవాణ్ణి వచ్చినట్టు రెండో అంతస్తుకి లాక్కుపోయారు. వాడు తెర చూశాడు. నాలిక కరుచుకున్నాడు. విషయం చాలా చిన్నది. ఆఫీసులో పెద్దసారి మిషన్‌ని ఎప్పుడూ నెమలి అనే అంటారు. పాతది స్టోర్లో పడేసినప్పుడు ఆ పేరు తీసి కొత్తదానికి ఇచ్చారు. పాతదాని నెత్తిన చీటీ మాత్రం ఎవరూ పీకలేదు. పాతదాన్ని ఏనుగుతో కలపడానికి మావటి దానికి కొత్త నంబరు ఇచ్చాడు గాని, పిన్నికి మాత్రం చీటీ చూసి పాత పేరే చెప్పాడు. ఏనుక్కి తెలిసిన నెమలి ఒక్కటే, పెద్దసారి బల్ల మీది కొత్తది. పిన్ని పొద్దుణ్నుంచి కొట్టినవన్నీ వరసగా, తప్పు లేకుండా, మారు మాట్లాడకుండా అక్కడికే చేరాయి. పరాయి తెరల నుంచి వచ్చేవాటిని అడ్డుకునే కట్టుబాటు ఒకటుంటుంది. అది మాటిమాటికీ అనుమతి అడుగుతోందని పెద్దసారు విసుక్కుంటే, మావటే దాన్ని తీసేశాడు.

“ఇవి మన డ్రాఫ్టింగ్ అక్కవి సార్” అన్నాడు మావటి.

పెద్దసారు కూర్చున్నాడు. “అంటే పొద్దుణ్నుంచీ నన్ను చూసింది ఆవిడా?” అన్నాడు.

“అబ్బే, ఈ కళ్ళు చూడవు సార్. బాణం ఎటు పోతే అటు...”

పెద్దసారి మొహం చూసి మావటి అక్కడితో ఆగాడు. మామూలుగా నిజం చెప్పేవాడే గాని, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు.

బాబాయికి సంగతి తెలియగానే, “నా జన్మలో రీలు ఎన్నిసార్లు తెగిందో గాని, బొమ్మ పక్క హాల్లో పడటం ఎప్పుడూ లేదు” అని పడీపడీ నవ్వాడు. అత్తగారు, “నేను ముందే చెప్పాగా, దానికి చెవుడని” అంది. చీటీ పీకేశారు. కొత్త పేరు ఏం పెట్టమంటారని మావటి అడిగితే, పిన్ని తన కాలు వైపు చూసుకుని, “తాబేలు” అంది. తాబేలు మీద నక్షా వెయ్యమని కొట్టింది. ఏనుగు ఏమీ అనలేదు. దోమతెర మీద ఉత్తరం పేట మొత్తం, వీధి వీధీ, పైపు పైపూ విచ్చుకుంది.

“బాగుంది” అంది అత్తగారు. “మన కొళాయి ఎక్కడ?” పిన్ని చూపించింది. “అంతేనా? ఇంత చిన్నదా!” అని ఆవిడ ఆ పూటంతా చిన్నబుచ్చుకుంది.

ఆ మర్నాటి నుంచి పిన్ని రోజూ ఆఫీసు టైముకి కూర్చుని, ఆఫీసు టైముకి లేచేది. పైవాటా ఆవిడ తడి దుప్పటి ఆరేసిన రోజున కేబుల్ ఊడిపోయేది. అప్పుడు పిన్ని కిటికీలోంచి పైకి అరిస్తే, సందులో సగం మంది తమ తమ బట్టలు తీసేసేవారు. ఇంతా చేసి నక్షా సాగుతోందే గాని, హాజరు గుమస్తా మాత్రం ఆమె పేరుకెదురుగా సెలవే వేస్తున్నాడు. ఆ సంగతి పిన్నికి మూడు వారాలు దాటాక గాని తెలియలేదు. ఈలాయన ఈల ఈమధ్య ఒకే రాగంలో, చాలా హుషారుగా సాగుతోందని మావటి చెప్పడంతో అనుమానం వచ్చి ఫోన్ చేసింది. అప్పుడు గుమస్తా అడిగిందే మొదట చెప్పిన ప్రశ్న.

పంచాయితీ పెద్దసారి గదికి చేరింది. పిన్ని రాలేదు గనక ఫోను బల్ల మీద పెట్టి, అందరికీ వినపడేలా చేశారు. నిజానికి ఆ ఏర్పాటు అక్కర్లేదు. కిటికీ తెరిచి ఉంది, పిన్ని గొంతు సందు మీదుగా ముందే వచ్చేస్తోంది. ఫోన్లో కాస్త ఆలస్యంగా వస్తోంది.

“ఆఫీసుకి రావడమంటే గుమ్మం దాటి లోపలికి రావాలి సార్” అన్నాడు గుమస్తా. “ఆవిడ మంచమ్మీద ఉన్నారు. నేను పరామర్శకి వెళ్ళినప్పుడు కళ్ళారా చూశాను.”

“మీరు పరామర్శకి రాలేదు, టీ తాగడానికొచ్చారు” అంది పిన్ని. “సరే, ఒకటడుగుతాను చెప్పండి. మనది నీళ్ళాఫీసు. కొళాయి మా ఇంట్లో ఉంది. అంతమాత్రాన నీళ్ళు మా ఇంట్లో పుట్టినట్టా?”

“నీళ్ళకి హాజరు లేదు” అన్నాడు గుమస్తా.

“నేను గీసిన గీత ఎక్కడుంది? ఏనుగులో. ఏనుగు ఎక్కడుంది? మీ కాళ్ళ కింద. మీరు టీ బడ్డీ దగ్గర ఉన్నప్పుడు కూడా నా గీత ఆఫీసులోనే ఉంది.”

“గీత వచ్చింది సార్, మనిషి రాలేదు” అని గుమస్తా పెద్దసారి వైపు తిరిగాడు. తాను గెలుస్తున్నాననుకున్నాడు, అందుకని ఒక మాట ఎక్కువ మాట్లాడాడు. “అంతెందుకు సార్? ఆ కళ్ళు వచ్చిన రోజు సంగతే చూడండి. మీ గదిలో ఆవిడ ఉన్నారా? లేరు కదా! ఉత్త బొమ్మలు. ఈ గదిలో ఆ రోజు ఎవరూ లేరు.”



పెద్దసారు మెల్లగా కళ్ళజోడు తీశాడు. గుమ్మం దగ్గర బంట్రోతు ఉన్నాడు. వాడి వెనకాల, ఏదో పనున్నట్టు, ఇంకా చాలామంది ఉన్నారు. ఆ రోజు ఆయన లేచి నిలబడటం, టీ వద్దనడం, తెరకి ఫైళ్ళు చూపించడం వీళ్ళందరికీ తెలుసు. ఆ రోజు ఈ గదిలో ఎవరూ లేకపోతే, ఆయన అవన్నీ ఎవరికి చేసినట్టు?

“ఎవరన్నారు లేరని?” అన్నాడు పెద్దసారు.

“సార్...”

“ఆవిడ ఆ రోజు ఆఫీసుకి వచ్చింది. ఈ గదికి వచ్చింది. ‘ఎక్కడున్నావ్’ అని నన్ను అడిగింది. ‘ఇక్కడే ఉన్నానండీ’ అని నేను చెప్పాను. బంట్రోతు విన్నాడు. ఏం, వినలేదా?”

“విన్నాను సార్” అన్నాడు బంట్రోతు.

“అటునుంచి ప్రశ్న వచ్చింది, ఇటునుంచి జవాబు పోయింది. ఇంకా మనిషి లేదంటారేమిటండీ? నేను గాలితో మాట్లాడతానా?” అని బల్ల మీద గట్టిగా ఒక్కటి చరిచాడు. “మొదటి రోజు నుంచి హాజరు వేయండి.”

గుమస్తా హాజరు వేశాడు. ఈలాయన ఆ పూట ఈల వేయలేదు.

నెల తిరిగాక పిన్ని కట్టు విప్పించుకుని, కర్ర పట్టుకుని, పొడిగా ఉన్న మెట్లెక్కి, హెడ్‌గా చేతులున్న కుర్చీలో కూర్చుంది. మొదటి రోజు ఏ పనీ చేయలేదట. ఒక చేతి మీద చెయ్యి వేసుకుంది, కాసేపటికి రెండో చేతి మీద రెండో చెయ్యి వేసుకుంది. మధ్యాహ్నానికి ఆఫీసు భవనం పైపుల నక్షా గీయడం మొదలుపెట్టింది. ఈలాయనకి మనసు కష్టంగానే ఉండి ఉంటుంది గాని, పిన్ని ఆయన స్టూలుకి వడ్రంగి చేత వీపు ఆనించే చెక్క కొట్టించింది. ఇది ఆవిడ మంచితనం అనుకుంటే పొరపాటు. ఆయన వెనక్కి వాలితే ఈల సన్నబడుతుందని కనిపెట్టింది.

పెద్దసారు పెట్టిన షరతు ఒక్కటే, ఇకపై తన తెర మీదికి ఎవరి కళ్ళూ రాకూడదని. మావటి పాత కట్టుబాటు మళ్ళీ బిగించాడు. అయితే హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌కి మాత్రం చిన్న సందు వదిలాడు. ఏదైనా ఫైలు పెద్దసారి కుడివైపున మరీ ఎక్కువ రోజులు ఉండిపోతే, పిన్ని ఒక్క జత పంపేది. సాయంత్రానికి ఫైలు వచ్చేసేది. ఇది న్యాయమా అని నన్నడగొద్దు. ఆ ఏడు మా వీధికి నీళ్ళొచ్చాయి.

తాబేలు ఆ తర్వాత ఇంట్లోనే ఉండిపోయింది. స్టోరు గుమస్తా తిరిగి తీసుకోనన్నాడు, అక్కడ చీపుళ్ళున్నాయి. అత్తగారు కుట్టుమిషన్ సంగతి మర్చిపోయి, రోజూ సాయంత్రం కళ్ళు వేయించుకుని మౌసు తిప్పుతూ కూర్చునేది. “నా మాట వినేది ఈ ఇంట్లో ఇదొక్కటే” అనేది.

ఇక గుమస్తా. హాజరు ఉన్నవాళ్ళకి ఆ ఆఫీసులో రోజుకింతని దారి ఖర్చు ఇస్తారు. పిన్ని కాలు కట్టులో ఉన్న రోజులకి అది అడిగింది. గుమస్తా ఆ అర్జీ పక్కన పెట్టాడు. “దారి ఖర్చు ఇవ్వాలంటే దారిలో నడిచి ఉండాలి. మీరు ఇంట్లోనే ఉన్నారు కదా!” అన్నాడు.

“మరి హాజరు వేశారు కదా?”

“అది మీరు ఆఫీసులో ఉన్నట్టు.”

పిన్ని రిటైరైంది. గుమస్తా అంతకు ముందే రిటైరయ్యాడు. ఆరు వారాల దారి ఖర్చు ఆఫీసు ఆవిడకి ఇంకా బాకీ.